పాతబస్తీలో మీ గల్లీని నిలబెట్టుకోవడం ఎలా?

చార్మినార్‌ను చూసుకోవడానికి భారత పురావస్తు శాఖ ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌కు ట్రస్టు ఉంది; అక్కడ చేసిన మరమ్మతులకు 2010లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013లో పని మొదలుపెట్టి ఏళ్ల తరబడి చేసింది. మరి శాలిబండ, హుసేనీ ఆలం, లాల్‌దర్వాజ, దబీర్‌పురా గల్లీల్లో ఇంకా పొయ్యి వెలుగుతున్న పాత ఇళ్లను ఎవరు చూసుకోవాలి? అందులో ఉంటున్నవాళ్లే. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

వారసత్వ పరిరక్షణ అనగానే చాలామంది వినతిపత్రంతోనో, ఫొటోల ఎగ్జిబిషన్‌తోనో మొదలుపెడతారు. నేను చెప్పే వరస వేరు. ముందు మనుషులు, ఆ తర్వాత నీళ్లు, ఆ తర్వాత ఇంటి కాగితాలు, అన్నిటికన్నా చివర చట్టం. పాత ఇల్లు కూలేది ఎక్కువగా బుల్డోజర్ వల్లే అనుకుంటాం. కానీ బుల్డోజర్ వచ్చేసరికే చాలా ఇళ్లు ఖాళీ అయిపోయి ఉంటాయి. పైకప్పు కారి, అన్నదమ్ములకు పొత్తు కుదరక, ఒక్కొక్కరే అత్తాపూర్‌కో కూకట్‌పల్లికో వెళ్లిపోయి తాళం పడిన ఇంటిని ఏ చట్టమూ ఎక్కువ కాలం కాపాడలేదు. మనిషి మసలే ఇల్లు మాత్రం నిలుస్తుంది. కింద చెప్పేవన్నీ ఆ మనిషి అక్కడే ఉండగలిగేలా చేయడానికే.

గల్లీ మొత్తం నడిచి రాసుకోండి

ఒక పొడుగు నోట్‌బుక్, పెన్సిల్ చాలు. మీ గల్లీ ఈ కొస నుంచి ఆ కొస దాకా చేత్తోనే మ్యాప్ గీయండి. స్కేలు కుదరకపోయినా ఫర్వాలేదు. ప్రతి గడపకూ ఒక నంబరు వేయండి. ఇల్లు ఎంత పాతదో తర్వాత తేల్చుకోవచ్చు. ముందు రాయాల్సింది అందులో ఎవరున్నారు, సొంతమా కిరాయా, కింద దుకాణం ఉందా, పైన ఎవరైనా ఉంటున్నారా, తాళం పడి ఎన్నేళ్లయింది అనేవి.

ఇళ్ల తర్వాత అందరివీ అయిన చోట్లు రాయండి. చబుత్రాలు (ఇళ్ల ముందు కూర్చునే అరుగులు), పూడిపోయిన బావి, పోచమ్మ గుడి, అలావా (మొహర్రం నిప్పులగుండం), అషూర్‌ఖానా (మొహర్రంలో అలంలు నిలిపే చోటు), వేపచెట్టు, నల్లా దగ్గర బిందెలు పెట్టే గట్టు. ఇవి ఎవరి పేరు మీదా ఉండవు కాబట్టే ముందుగా మాయమవుతాయి. ఒక చబుత్రా పోతే సాయంత్రం నలుగురు కూర్చునే చోటు పోతుంది. అలా కూర్చునే నలుగురే రేపు మోరీ పొంగితే ఫోన్ చేసేవాళ్లు, పక్కింటి ముసలామె రెండు రోజులుగా కనిపించలేదేమిటని అడిగేవాళ్లు.

ఒకే పూట చూసి ఆపేయకండి. పొద్దున ఆరింటికి గల్లీ వేరు, శుక్రవారం మధ్యాహ్నం వేరు, రంజాన్ రాత్రి పూర్తిగా వేరు. ఏ వేళ ఎవరు ఎక్కడ ఉంటారో తెలిస్తే ఏ గుమ్మం ముందు పార్కింగ్ పెట్టకూడదో, ఏ మూల లైటు కావాలో దానంతట అదే తెలుస్తుంది.

ఫొటోలు తీసేటప్పుడు ఇంటివాళ్లను అడిగే తీయండి. లోపలి హాలు, ఆడవాళ్లు మసలే చోటు తీయాల్సివస్తే ఇంటి పెద్దావిడను అడగండి. ఒక్కో ఇంటికి నాలుగు ఫొటోలు చాలు: ముందు గోడ మొత్తం, తలుపు దగ్గరగా, పైకప్పు లోపలి నుంచి, పాడైన చోటు. పాడైన చోటు తీసేటప్పుడు పక్కన ఒక అగ్గిపెట్టె పెడితే బీట ఎంత వెడల్పో తర్వాత చూసేవాళ్లకు అర్థమవుతుంది. మరుసటి ఏడు అదే నెలలో, అదే చోట నిలబడి మళ్లీ తీయండి.

మీ మ్యాప్‌కు పాత మ్యాప్ తోడు కావాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ఊడ్చేశాక, 1910ల్లో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాద్‌ను ఇంచుమించు ఇంటింటికీ సర్వే చేసి మ్యాపులు గీశారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. పత్తర్‌గట్టీ రాతి కమాన్ల వరస ఆ బోర్డు చేతి పనే. ఆ మ్యాపులో మీ గల్లీ ఉన్న షీటు సంపాదించి మీరు గీసినదాని పక్కన పెట్టండి. అప్పుడు బావి ఎక్కడుండేదో, ఏ దేవిడీ (పాత ప్రభువుల పెద్ద భవనం) ఆవరణ ఎన్ని ముక్కలైందో కళ్ల ముందు కనిపిస్తుంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనూ అడగండి.

పెద్దవాళ్లతో కూర్చోండి, కానీ చరిత్ర అడగకండి

"మీ ఇంటి చరిత్ర చెప్పండి" అంటే ఎవరికైనా నోరు పెగలదు. "మాకేం తెలుసు నాయనా, పెద్దవాళ్లు పోయారు" అనేస్తారు. చిన్న ప్రశ్నలు అడగండి. మంచినీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చుకునేవాళ్లు? పెళ్లికి పందిరి ఎక్కడ వేసేవాళ్లు? వంట సామాను ఎవరింట్లో దొరికేది? కరెంటు వచ్చిన రాత్రి గుర్తుందా? మంత్రసాని ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబు లేని ముసలివాళ్లు ఉండరు.

లాల్‌దర్వాజ వైపు ఒకావిడను, "పెద్దమ్మా, ఈ ఇంట్లోకి ఎవరెవరు చెప్పులతో వచ్చేవాళ్లు, ఎవరు బయట విడిచేవాళ్లు?" అని అడిగితే, ఆవిడ ముందు నవ్వి, తర్వాత దాదాపు గంటసేపు మాట్లాడారు. పాలు పోసే యాదవుల గుమ్మం, గాజులు తొడిగే చాచీ కూర్చునే మూల, లెక్కలు రాసే కాయస్థుల ముసలాయన దివాన్ మీద కూర్చునే తీరు, అన్నీ ఆ ఒక్క ప్రశ్నలోంచే వచ్చాయి. గల్లీలో ఎవరు ఎవరితో ఎంత దగ్గరగా ఉండేవాళ్లో, ఎంత దూరం పెట్టేవాళ్లో కూడా వచ్చింది. ఆ దూరాల సంగతీ రాసుకోండి. పాతబస్తీ అంటే అంతా కలిసిమెలిసి ఉండేవాళ్లమని ఒక్క ముక్కలో తేల్చేస్తే, అవమానపడినవాళ్ల మాట రికార్డుకెక్కకుండా పోతుంది.

ఫోన్‌లో రికార్డు చేస్తే ఫ్యాన్ కట్టేయమని అడగడానికి మొహమాటపడకండి, లేకపోతే గాలి శబ్దమే వినిపిస్తుంది. రికార్డు చేస్తున్నామని చెప్పి చేయండి. ఎవరికి వినిపించవచ్చో, ఏ మాట బయటికి వద్దో కూడా అడిగి ఆ రికార్డింగ్‌లోనే చెప్పించండి. దక్కనీ ఉర్దూలో చెప్పింది దక్కనీలోనే, తెలుగులో చెప్పింది తెలుగులోనే ఉంచండి. పాత ఫొటోలు ఇంటికి తీసుకెళ్తామని అడగవద్దు. నీడపట్టున బల్ల మీద పెట్టి, అక్కడికక్కడే ఫోన్‌తో తీసి తిరిగి ఇచ్చేయండి. ఒక్క ఫొటో పోయినా గల్లీలో మీకు ఇంకెవరూ తలుపు తీయరు.

పాత ఇంటి పత్రాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. చదివిపెట్టే పెద్దాయన మీ బస్తీలోనే ఒకరుంటారు. మదరసాలోనో, కోర్టు దగ్గరో అడిగితే దొరుకుతారు. తెలుగు కుటుంబాల జాడ కోసమైతే సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయానికి వెళ్లండి. నిజాం పాలనలో, 1901 సెప్టెంబరు 1న, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివాళ్లు నిలబెట్టిన గ్రంథాలయం అది. నూరేళ్లు దాటినా ఇంకా తలుపులు తెరిచే ఉంది. ఒక పేటలో ఒక సంస్థ ఇంతకాలం ఎలా బతుకుతుందో చూడటానికైనా అక్కడికి ఒకసారి వెళ్లి రావాలి.

నీళ్లు: అసలు పని ఇక్కడుంది

ఏ పనైనా వాయిదా వేయండి గానీ ఇది వేయకండి. పాత ఇంటికి మొదటి శత్రువు నీరు. పైనుంచి వాన, కింద నుంచి మోరీ, మధ్యలో పగిలిన పైపు.

తొలకరికి ముందే, మే నెలలో, మిద్దె ఎక్కండి. ఆకులు, విరిగిన డిష్ యాంటెన్నాలు, పాత కూలర్లు, పూలకుండీలు దించేయండి. మిద్దె మీద నాలుగు బకెట్ల నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూడండి. ఎక్కడైనా నిలిచిపోతే చాక్‌పీసుతో చుట్టూ గీత గీయండి. కిందికి దిగి సరిగ్గా ఆ చోటు కింద దూలం చూడండి. చిన్న మేకుతో దూలం కొసను పొడిచి చూడండి. టేకు గట్టిగా ఉంటే మేకు దిగదు. మెత్తగా దిగిపోతే ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వకండి, అదే రోజు కింద గుంజ పెట్టించండి. దూలాలు ఎక్కువగా గోడలో దిగిన కొసలోనే కుళ్లుతాయి, బయటికి బాగానే కనిపిస్తాయి.

గోడల్లో మొలిచే రావి, మర్రి మొక్కల్ని పిల్లలు లాగేస్తుంటారు. అలా లాగితే వేరుతోపాటు సున్నం కూడా ఊడి వస్తుంది. మొదలు దగ్గర కోసి, వేరు పూర్తిగా చచ్చేదాకా మళ్లీ మళ్లీ చిగురు తుంచి, ఆ తర్వాతే సందులు సున్నంతో నింపించాలి. ఓపిక కావాలి, తప్పదు.

ఇప్పుడు సిమెంటు సంగతి. పాతబస్తీ ఇళ్లను పాడుచేసింది ఏమిటని నన్నడిగితే, నిర్లక్ష్యం కన్నా ముందు సిమెంటు పేరే చెబుతాను. పాత గోడ రాయి, మెత్తటి ఇటుక, సున్నంతో కట్టింది. అది చెమ్మ పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. లోపలి ఉప్పు పేరుకుని ఇటుకను పిండి చేస్తుంది. రెండు మూడు వానాకాలాలకు సిమెంటు పూత పెచ్చులుగా ఊడిపోతుంది, ఊడుతూ పాత ఇటుక ముఖాన్ని కూడా పట్టుకుపోతుంది. అప్పుడు మేస్త్రీ వచ్చి "గోడలో దమ్ము లేదు, పడగొట్టాల్సిందే" అంటాడు. దమ్ము తీసింది ఆ పూతే. రంగుల విషయంలోనూ అంతే. ప్లాస్టిక్ ఎమల్షన్లు వద్దు, వెల్ల వేయించండి.

సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టమే గానీ అసాధ్యం కాదు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర పనిచేసినవాళ్లు, పాత మసీదుల, గుళ్ల మరమ్మతులు చేసేవాళ్లు నగరంలో ఉన్నారు. వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ హైదరాబాద్ విభాగాన్ని అడిగితే దారి చూపిస్తారు. మేస్త్రీ వచ్చాక పనిని ఇలా గమనించండి.

రాళ్ల సున్నాన్ని గుంటలో నీళ్లు పోసి చల్లార్చాలి. అది కుతకుత ఉడుకుతుంది కాబట్టి పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, పనివాళ్ల కళ్లకు అద్దాలు ఇవ్వండి. చల్లారిన సున్నం కనీసం రెండు మూడు వారాలు నీళ్ల కిందే నానాలి. ఎంత నానితే అంత మంచిది. ఆ తర్వాత జల్లించిన ఇసుకతో కలిపి గానుగలోనో రోట్లోనో రుబ్బాలి. సాధారణంగా ఒక పాలు సున్నానికి రెండు నుంచి మూడు పాళ్ల ఇసుక పడుతుంది. పాతకాలంలో పూతకు కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు, కోడిగుడ్డు తెల్లసొన కూడా కలిపేవాళ్లు. మేస్త్రీ రుబ్బిన సున్నాన్ని తాపీ మీదికి తీసుకుని తాపీని తిరగేస్తాడు. జారి పడకుండా అతుక్కుని ఉంటే పదును కుదిరినట్టు. పడిపోతే, మాట్లాడకుండా మళ్లీ రోట్లో వేస్తాడు. ఆ ఓపిక ఉన్న మనిషినే పనికి పెట్టుకోండి.

పూసేముందు పాత గోడను బాగా తడపాలి. పూశాక తడి గోనెపట్టాలు వేలాడదీసి వారం పది రోజులు ఎండ తగలకుండా చూడాలి. ఈ పనికి చలికాలం మంచిది. ఏప్రిల్ ఎండలో వేసిన సున్నం నెర్రెలిస్తుంది.

గోడ బీటలు చూసి టెన్షన్ పడేముందు ఒక పరీక్ష చేయండి. పలచటి గాజు ముక్కను బీటకు అడ్డంగా పెట్టి రెండు కొసల్నీ సున్నంతోనో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోనో అతికించి, పక్కన తేదీ రాయండి. వానాకాలం దాటేదాకా గాజు పగలకపోతే అది ఎప్పటిదో పాత బీట, నింపేస్తే సరిపోతుంది. పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవాలి. పాత కట్టడాలు చూసిన ఇంజనీరే అయ్యుండాలి. కాంక్రీటు తప్ప వేరే తెలియని ఇంజనీర్ ఏ పాత గోడను చూసినా కూల్చమనే రాస్తాడు.

మోరీ ఒక్క ఇంటి సమస్య కాదు. పొంగిన మోరీ నీళ్లు పునాదిలోకి దిగితే వరసగా అన్ని ఇళ్లూ కుంగుతాయి. జలమండలి నంబరు 155313కి ఒక్కరే చేస్తే ఒక ఫిర్యాదు అవుతుంది. అదే రోజు పదిళ్ల నుంచి వేర్వేరుగా చేసి, ఫిర్యాదు నంబర్లన్నీ ఒకే కాగితం మీద రాసి డివిజన్ ఆఫీసులో ఇస్తే మనిషి వస్తాడు.

వాటాలు, కిరాయిలు

తాత కట్టిన ఇంటికి ఇప్పుడు పదిహేను మంది వాటాదారులు. ఒకరు మలక్‌పేటలో, ఇద్దరు జెడ్డాలో, ఒకరు డల్లాస్‌లో. మరమ్మతుకు డబ్బు వేయాలంటే ఎవరి వాటా ఎంతో తేలదు, తేలకపోతే ఎవరూ వేయరు. పాత ఇళ్లు కొద్దికొద్దిగా చచ్చిపోయేది ఇలాగే. దీనికి ఎవరో ఒకరు పూనుకోవాలి.

ముందు వంశవృక్షం రాసి అందరికీ వాట్సాప్‌లో పంపండి, అందరూ ఒప్పుకునేదాకా దిద్దండి. తర్వాత అమ్మకం సంగతి ఎత్తకుండా, మరమ్మతు వరకే ఒక ఒప్పందం రాసుకోండి: ఎవరెంత వేస్తారు, ఎవరు దగ్గరుండి చూస్తారు, వేసిన డబ్బు రేపు వాటాల లెక్కలో ఎలా సర్దుతారు. విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి మన రాయబార కార్యాలయంలో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపితే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలి. ఈ గడువు తెలియక చాలా కుటుంబాలు మళ్లీ మొదటికి వస్తాయి. మరమ్మతులకే పరిమితమైన అధికారం ఇవ్వండి, అమ్మే అధికారం అందులో కలపకండి. అప్పుడే మిగతావాళ్లు నమ్మి సంతకం పెడతారు.

కిరాయిదారుల్ని ఈ మాటల్లో కలుపుకోవాలి. నలభై ఏళ్లుగా ఒకే గదిలో కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీకి ఆ గోడ మీద మీకున్నంత ప్రేమే ఉంటుంది. కిరాయి మరీ తక్కువని మీకు, ఖాళీ చేయిస్తారేమోనని ఆయనకు భయం. మరమ్మతు ఖర్చులో కొంత ఆయన పెట్టుకుంటే ఇన్నేళ్లు ఖాళీ చేయించబోమని రాసిచ్చే పద్ధతి రెండువైపులా పనికొస్తుంది. నోటిమాట సరిపోదు, కాగితం మీద పెట్టండి. వక్ఫ్ ఆస్తి అయినా, దేవాదాయ శాఖ ఆస్తి అయినా లోపలి మరమ్మతుకు కూడా వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకునే మొదలుపెట్టాలి.

కొత్త సంఘం ఎందుకు, ఉన్న కమిటీలు చాలవా?

సంఘం పెట్టాలంటే తెలంగాణలో 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురుంటే రిజిస్టర్ చేసుకోవచ్చు. కానీ మొదట్లోనే లెటర్‌హెడ్ కొట్టించకండి. ప్రతి గల్లీలో ఇప్పటికే బోనాల కమిటీ ఉంటుంది, గణేశ్ మండపం కుర్రాళ్లుంటారు, మసీదు కమిటీ ఉంటుంది, మొహర్రం అలంను (ఊరేగించే పవిత్ర ధ్వజాన్ని) చూసుకునే కుటుంబం ఉంటుంది. వాళ్లకు చందాలు వసూలు చేయడం తెలుసు, రాత్రంతా మేలుకుని పని చేయడం తెలుసు, పోలీసులతో, కరెంటోళ్లతో మాట్లాడటం తెలుసు. ఒక్కో కమిటీ నుంచి ఇద్దరిని, అందులో ఒక ఆడమనిషిని, నెలకోసారి టీకి పిలవండి. మాట్లాడే విషయం కూడా ముందుగానే చెప్పండి: "ఈ నెల మిద్దెల మీద నీళ్లు" లాగా ఒకటే విషయం. రాజకీయ పార్టీల మాట మొదలైన రోజు ఆ టీ ఆగిపోతుంది.

ఊరేగింపు దారులే మీ గల్లీకి పాత కొలతలు. ఆషాఢంలో బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి దాటి, లాల్‌దర్వాజ సింహవాహిని గుడికి చేరతాయి. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద వెళ్తుంది. మొహర్రం పదో రోజు బీబీ కా అలం దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా వెళ్తుంది. ఆ దారుల్లో ఎక్కడ మెట్టు ముందుకు జరిగింది, ఎక్కడ కేబుల్ వైరు కిందికి వేలాడుతోంది, ఎక్కడ కొత్త ఛజ్జా అడ్డొస్తోంది అనేది ఊరేగింపుకు నెల ముందు రెండు పండుగల కమిటీలు కలిసి నడిచి చూస్తే, వైర్ల గురించి, ఆక్రమణల గురించి విడిగా గొడవ పడాల్సిన పనుండదు. అమ్మవారి కోసమో, అలం కోసమో అంటే ఎవరైనా మెట్టు వెనక్కి జరుపుకుంటారు.

అందరూ కలిసి చేతులు పెట్టడానికి బావి మంచి పని. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉండేది. దాన్ని తవ్వి, రాళ్లు సర్ది, 2022 డిసెంబరులో మళ్లీ తెరిచారు. అదే ఏడాది గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు యునెస్కో గుర్తింపు వచ్చింది. మీ గల్లీ బావి అంత పెద్దది కాకపోవచ్చు. ముందు దాని మీద చెత్త వేయడం ఆపించండి, చుట్టూ జాలీ కట్టండి. లోపలికి దిగే పని మాత్రం అనుభవమున్న మనుషులకే అప్పగించండి. పూడిన బావుల్లో విషవాయువు ఉంటుంది, కుర్రాళ్ల ఉత్సాహాన్ని అక్కడ ఆపాలి.

చేతిపనులు

దీనికి పెద్ద వివరం అక్కర్లేదు. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ ఆ గాజులు తయారయ్యేది గల్లీ లోపలి చిన్న గదుల్లో, బొగ్గుల కుంపటి ముందు. ఆ గదికి గాలి వెళ్లే కిటికీ, కాలిపోని వైరింగ్ ఉండేలా చూడండి. దుకాణాల మీద పనివాళ్ల బస్తీ పేరు కూడా ఉండాలని వ్యాపారుల్ని అడగండి. గల్లీలు చూపించే హెరిటేజ్ వాక్‌లకు జనం వస్తుంటే రేటు ముందే చెప్పండి, అందులో కొంత పనివాళ్లకు, కొంత గల్లీ మోరీల ఖర్చుకు విడిగా తీయండి. ఇళ్లలోకి అడగకుండా కెమెరాలు దూరనివ్వకండి.

చట్టం ఎంతవరకు పనికొస్తుంది

కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం మీ ఇంటికి దగ్గర్లో ఉందా చూడండి. పురాతన కట్టడాల రక్షణకు తెచ్చిన 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, అలాంటి కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడాలు నిషేధం. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, దానికీ అనుమతి కావాలి. ఆ పైన ఇంకో 200 మీటర్లలో అనుమతితో కట్టుకోవచ్చు. చార్మినార్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు దీన్ని శాపంలా చూస్తారు. కానీ మీ పక్కన ఐదంతస్తులు లేవకుండా ఆపేది కూడా ఇదే నిబంధన.

ఒకప్పుడు హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) 1981 నిబంధనల్లోని 13వ నిబంధన కింద నగరంలోని ఎన్నో పాత కట్టడాలకు రక్షణ ఉండేది. ప్రభుత్వం 2015 డిసెంబరులో దాన్ని తీసేసింది, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం తెచ్చింది. మీ ఇల్లుగానీ మీ గల్లీలోని కమాన్‌గానీ ఏ జాబితాలోనైనా ఉందా అని సమాచార హక్కు కింద అడగండి. నగర స్థాయి కార్యాలయానికి ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు భద్రంగా పెట్టుకోండి.

కోర్టులో గెలిచిన సందర్భాలూ ఉన్నాయి. పాత ప్యాలెస్ ఎర్రమంజిల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. అక్కడ వేసిన పిటిషన్ల వెనక పౌరులు, ఆర్కిటెక్టులు పోగుచేసిన కాగితాల బలం ఉంది. మొదటి రోజు నుంచి మీరు రాసుకున్న నోట్‌బుక్, తేదీలున్న ఫొటోలు, పాత మ్యాపు అలాంటప్పుడే కావాలి.

నోటీసు వస్తే

వానాకాలానికి ముందు మున్సిపల్ సిబ్బంది శిథిలమైన ఇళ్లను గుర్తించి నోటీసులు అంటిస్తారు. దాన్ని చింపేయకండి, పట్టించుకోకుండానూ ఉండకండి. నిజంగా పడిపోయేలా ఉంటే ముందు మనుషుల్ని ఖాళీ చేయించండి. గోడ కన్నా ప్రాణం ముఖ్యం. మరమ్మతుతో నిలబడే ఇల్లైతే ఇంజనీర్ రిపోర్టు జతచేసి, ఫలానా తేదీకల్లా ఫలానా పని చేస్తామని రాసి ఇవ్వండి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.

రోడ్డు వెడల్పుకో మెట్రోకో స్థలం కావాలంటే, 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోపు అభ్యంతరాలు రాసి ఇవ్వొచ్చు. సమ్మతి పత్రం తెచ్చి సంతకం పెట్టమంటే ఆ రోజే పెట్టకండి. ముందు గది పోతుందా, ఇల్లంతా పోతుందా, మిగిలిన గోడను ఎవరు నిలబెడతారు, కిరాయిదారుకు ఏమిస్తారు అనేవి కాగితం మీదికి రాబట్టండి. వాటాదారులందరికీ నోటీసు అందిందో లేదో చూడండి.

అన్నీ చేసినా ఇల్లు పోవచ్చు. అప్పుడు కూల్చే కాంట్రాక్టరుతో ముందురోజే మాట్లాడండి. గదుల కొలతలు టేపుతో తీసి రాసుకోండి, ప్రతి తలుపునూ ఫొటో తీయండి. చెక్కిన తలుపులు, దర్వాజా చట్రాలు, టేకు దూలాలు జుమేరాత్ బజార్‌కు వెళ్లకముందే గల్లీలో ఎవరికి కావాలో కనుక్కోండి. ఎవరి ఇంట్లో దూలం కుళ్లిందో మీ నోట్‌బుక్‌లోనే ఉంది కదా. పాత ఇటుకల్నీ పోనివ్వకండి. పలచగా ఉండే ఆ ఇటుక సైజు ఇప్పటి బట్టీల్లో దొరకదు, పక్కింటి పాత గోడలో ఊడిన చోట కొత్త ఇటుక సరిగ్గా కూర్చోదు. నాలుగు మూలలూ బాగున్నవి ఏరి, సున్నం గీకి శుభ్రం చేసి, వాన తగలని చోట పేర్పించండి. ఎన్ని ఉన్నాయో, ఏ ఇంటివో రాసి ఆ కాగితం సున్నం మేస్త్రీకి ఒకటి, బోనాల కమిటీకి ఒకటి, మసీదు కమిటీకి ఒకటి ఇవ్వండి.